అబ్సిడియన్‌లో ఫోల్డర్ల గందరగోళం: నాలుగు చాలు

నోట్స్ రాసుకునే యాప్ అబ్సిడియన్‌లో 40 ఫోల్డర్లు అయ్యాయి, కారు ఇన్సూరెన్స్ నోట్ ‘కారు’లో పెట్టాలా ‘డబ్బు’లో పెట్టాలా తేలట్లేదు అన్నారు కదా. సబ్జెక్టుల వారీగా ఫోల్డర్లు పెడితే వచ్చే చిక్కే ఇదండీ. నోట్ ఉండేది ఒక్క ఫోల్డర్‌లోనే, దాని సబ్జెక్టులేమో రెండు మూడు.

నేను నాలుగే ఉంచాను: ఇన్‌బాక్స్, నడుస్తున్నవి, దాచుకున్నవి, అయిపోయినవి. పేర్ల ముందు 1, 2, 3, 4 వేస్తే అదే వరుసలో కనిపిస్తాయి. సబ్జెక్టు సంగతి ట్యాగులకు (నోట్‌కు తగిలించే గుర్తు పదాలకు) వదిలేయండి. ఆ ఇన్సూరెన్స్ నోట్ ‘నడుస్తున్నవి’లో ఉంటుంది, దానికి కారు, డబ్బు అని రెండు ట్యాగులు. సెట్టింగ్స్‌లో ‘ఫైల్స్ అండ్ లింక్స్’ కింద కొత్త నోట్లన్నీ ఇన్‌బాక్స్‌లో పడేలా పెట్టుకోండి. రాసేటప్పుడు ఎక్కడ పెట్టాలన్న టెన్షనే ఉండదు.

పాత 40 ఫోల్డర్లను సర్దుతూ కూర్చోకండి. నేను ఒక ఆదివారమంతా దానికే తగలేశాను, సగం కూడా అవలేదు! అన్నింటినీ అలాగే ‘అయిపోయినవి’లో పడేసి, అవసరమైన నోట్‌ను కంట్రోల్-ఓ కొట్టి వెతికి బయటికి తీసుకోండి.

కానీ ఫైళ్లను యాప్ లోపలే లాగండి, నోట్ల మధ్య ఉన్న లింకులను అదే సరిచేస్తుంది. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో జరిపితే, ఫోల్డర్ పేరుతో సహా ఇచ్చిన లింకులు తెగిపోతాయి.