బడి మూసినా పద్యం నోటికెక్కాలంటే

2020లో కరోనాతో బడులు మూసి ఉండగా, సెప్టెంబర్ 1న టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోయింది. అంతకుముందు సంధులు, సమాసాలు అడిగేవాళ్లు. ఆ తర్వాతన్నీ నెట్టు, డేటా, ఫోను. వాటిలో తెలుగు చదువుకు సంబంధించినవి ఏరి ఈసారి జవాబులు రాస్తున్నాను. నేను జడ్పీ హైస్కూల్లో తెలుగు చెబుతాను కాబట్టి ఉదాహరణలన్నీ మా పదో తరగతి వాచకం చుట్టే తిరుగుతాయి. సర్దుకుపోండి.

ప్రశ్న: మేడం, జూమ్‌లో పద్యం చెప్పించడం నా వల్ల కావడం లేదు. నేనొక పాదం చదివి అనమంటే ఒక్కొక్కరి గొంతు ఒక్కోసారి వస్తోంది. అందర్నీ మ్యూట్ చేస్తే గోడకు చెప్పినట్టే ఉంటోంది. ఏం చేయమంటారు?
– ఒక తెలుగు ఉపాధ్యాయుడు, జనగామ జిల్లా

జవాబు: జూమ్‌లో అందరి చేతా ఒకేసారి అనిపించడం ఎవరి వల్లా కాదు సార్. ఒక్కో ఇంట్లో నెట్టు ఒక్కో తీరు, మీ మాట ఒక్కో ఫోనుకు ఒక్కో ఆలస్యంతో చేరుతుంది. కబుర్లు చెప్పుకునేటప్పుడు అర సెకను తేడా పట్టించుకోం. పద్యం దగ్గర అదే కొంప ముంచుతుంది. అందుకని పద్యాన్ని జూమ్‌లోంచి తీసేసి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో పెట్టండి.

'దానశీలము' పాఠంలో, వామనుడికి దానం ఇవ్వొద్దన్న శుక్రాచార్యుడితో బలి చక్రవర్తి అనే పోతన పద్యం తీసుకుందాం.

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటఁగట్టుకొని పోవంజాలిరే? భూమిపైఁ
బేరైనం గలదే? శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు? వారలన్ మఱచిరే యిక్కాలమున్? భార్గవా!

ముందు రోజు రాత్రి ఈ పద్యం ఒక్కటే చదివి పంపండి. అర్థం చెప్పొద్దు, రాగం తీయొద్దు. ఒక మనిషి తన గురువుకు ఎదురు నిలబడి అడుగుతున్నాడు, అలాగే చదవండి. నాలుగు పాదాల్లో ఎనిమిది ప్రశ్నలున్నాయి. ప్రతి ప్రశ్న దగ్గరా గొంతు లేపి ఆగండి. మొదటి పాదంలో 'కా'కు యతి, అంటే దానితో జత కుదరాల్సిన అక్షరం, పదమూడోది, 'గర్వోన్నతిం'లోని 'గ'. మీరు దాని ముందు ఊపిరి తీసుకుంటే యతి అంటే ఏమిటో పిల్లవాడి చెవికి ముందే తెలుస్తుంది. సూత్రం తర్వాత చెప్పుకోవచ్చు.

ఆ పైన ఎనిమిది మంది పిల్లల్ని ఎంచి తలా ఒక ప్రశ్న పంచండి. ఎవరి ముక్క వాళ్లు రికార్డు చేసి పెట్టాలి. మీరు వాటిని వరసలో మళ్లీ గ్రూపులో పెడితే పద్యం మొత్తం పిల్లల గొంతుల్లోనే వినిపిస్తుంది. మా దగ్గర ఒక పిల్లాడి వంతుకు 'వారేరీ?' అన్న ఒక్క మాటే వచ్చింది. పెట్టడం, తీసేయడం, మళ్లీ పెట్టడం. గ్రూపు నిండా 'ఈ మెసేజ్ డిలీట్ చేయబడింది' అనే గీతలే. చివరికి వచ్చినదాంట్లో వెనక బోరు మోటారు చప్పుడు, ముందు వాడి 'వారేరీ?'. ఎంత నిలదీసినట్టు అన్నాడంటే, నా చదువుకన్నా అదే బాగుంది. క్లాసులో ముప్పై మందితో కలిపి అనిపించినన్నాళ్లూ వాడి గొంతు నేను విడిగా విన్నది లేదు.

అర్థం దగ్గర కూడా పుస్తకంలోని భావం తర్వాత చూసుకోవచ్చు. ముందు వాళ్ల మాటల్లో చెప్పమనండి. 'ఇంతకుముందు రాజులు లేకుండిరా? రాజ్యాలు ఏలలేదా? మస్తు మిడిసిపడలేదా? ఏరీ మరి వాళ్లు? పోయేటప్పుడు సొమ్ము మూట గట్టుకొని పోయిండ్రా?' మీది జనగామ జిల్లా అన్నారు కదా, పోతన ఊరు బమ్మెర మీ పాలకుర్తి మండలంలోదే. ఆ సంగతి పిల్లలకు చెప్పారో లేదో!

ఇక జూమ్ దేనికంటే, వాదించుకోవడానికి. శుక్రుడు చెడ్డ సలహా ఏమీ ఇవ్వలేదు, ఉన్నదంతా ఇచ్చేస్తే నీ గతేంటి అన్నాడు, అంతే. ఏ ఇంట్లో పెద్దవాళ్లైనా అదే అంటారు. 'ప్రాణవిత్తమానభంగమందు', అంటే ప్రాణం, సొమ్ము, పరువు పోయే పట్టున బొంకవచ్చు, పాపం లేదు అని కూడా వెసులుబాటు ఇచ్చాడు. నేను క్లాసులో 'మరి నెట్ లేదు టీచర్ అని మీరు చెప్పే బొంకు ఇందులో దేని కిందికి వస్తుంది?' అని అడిగాను. మానభంగం కిందికేనట, హోంవర్క్ చేయలేదని అందరి ముందూ తెలిస్తే పరువు పోదా అన్నారు. కెమెరాలు ఆఫ్ చేసుకుని కూర్చున్నవాళ్లంతా ఆ రోజు ఆన్ చేశారు.

ప్రశ్న: అమ్మా, ఇద్దరు పిల్లలు, ఒకటే స్మార్ట్‌ఫోను. అది మా ఆయన డ్యూటీకి తీసుకుపోతారు. టీవీలో తెలుగు పాఠం చూస్తున్నారు గానీ అడిగితే ఏమీ చెప్పడం లేదు. నేను ఏడో తరగతి దాకా చదివి బీడీలు చుడుతున్నాను. వాళ్లకు నేనేం చెప్పగలను?
– ఒక తల్లి, నిజామాబాద్ జిల్లా

జవాబు: టీవీ ఎవరి కోసమూ ఆగదమ్మా. పిల్లలు ఒక మాట దగ్గర తడబడితే పాఠం అప్పటికే మూడు వాక్యాలు దాటిపోతుంది. అందుకని ఆ పాఠం వచ్చే ముందు రోజే వాచకం తీసి పెద్దగా చదివి వినిపించమనండి. మీరు బీడీలు చుడుతూనే వినండి. తెలియని మాట రాగానే 'అంటే ఏంది?' అని అడగండి. మీకు జవాబు తెలిసి ఉండాల్సిన పని లేదు. మీకు చెప్పాలంటే వాళ్లు ఆగి ఆలోచించాలి, టీవీ చేయించలేని పని అదే. తెలియని మాటల కింద పెన్సిల్ గీత పెట్టుకుంటే మర్నాడు టీవీ ముందు వాటి కోసం చెవులు రిక్కించి కూర్చుంటారు.

స్మార్ట్‌ఫోను లేకపోయినా మామూలు బటన్ ఫోనుంటే చాలు. నలుగురు పిల్లల్ని కాన్ఫరెన్స్ కాల్‌లో కలిపి సాయంత్రం పది నిమిషాలు పాఠం మాట్లాడమని వాళ్ల తెలుగు టీచర్‌ను అడగండి. మొహమాటపడకండి, చాలామంది చేసిన పనే.

ఇంకో మాట. మీకు సాహిత్యం రాదని ఎవరన్నారు? 2020లో అధిక ఆశ్వయుజం వచ్చి బతుకమ్మ ఆలస్యమైంది. మీ నోట ఉన్న పాట, ప్రతి వరస చివరా ఉయ్యాలో అనో చందమామ అనో వచ్చేది, ఒక్కటి మీరు చెబుతుంటే మీ పిల్లను నోటుబుక్కులో రాసుకోమనండి. పాటలో కథ ఉంటే ఆ కథను మళ్లీ పది వాక్యాల్లో తన సొంతంగా రాయాలి. నేను మా పిల్లలకు వర్క్‌షీటు బదులు ఇదే ఇచ్చాను. ఒకే పాట రెండు ఊళ్ల నుంచి రెండు రకాలుగా వచ్చింది, ఎవరిది సరైనదని పెద్ద పంచాయితీ!

ప్రశ్న: టీచర్, నేను పదో తరగతి. మా సార్ రోజూ నోట్స్ ఫొటోలు పెడుతున్నారు. చూసి రాసి మళ్లీ ఫొటో పంపాలి. చెయ్యి నొప్పి తప్ప ఏమీ ఎక్కడం లేదు. ప్రతిపదార్థాలంటే బాగా టెన్షన్‌గా ఉంది. ఆన్‌లైన్‌లో అర్థాలు వెతికినా దొరకడం లేదు.
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: దొరకకపోవడానికి కారణం ఉందమ్మా. నువ్వు పద్యంలో కనబడిన మాటను కనబడినట్టే వెతుకుతున్నావు. పై పద్యంలోనే చూడు. 'బొందరే' అని కొడితే ఏ నిఘంటువూ నీకు సాయం చేయదు. అక్కడున్నది 'గర్వోన్నతిన్ + పొందరే'. ముందున్న న కారం వల్ల 'పొ' కాస్తా 'బొ' అయింది. 'భూమిపైన్ + పేరైనం' కూడా అంతే, 'భూమిపైఁ బేరైనం' అయింది. సరళాదేశ సంధి అని నువ్వు మార్కుల కోసం బట్టీ పట్టింది ఇదే, క చ ట త పలు గ జ డ ద బలు కావడం. పద్యంలో మాట మొదట గ జ డ ద బ కనబడి, ముందు సున్నా గానీ అరసున్నా గానీ ఉంటే ఒకసారి వెనక్కి మార్చి చూడు. 'పొందు' అని వెతుకు, 'పేరు' అని వెతుకు. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో నిఘంటు శోధన ఉంది. ఒక మాట కొడితే చాలా నిఘంటువుల్లోని అర్థాలు ఒకేచోట చూపిస్తుంది, డేటా కూడా ఎక్కువ తినదు.

వెతికే ముందు క్రియ పట్టుకో. ఎవరు, ఏం చేశారు అన్నది తేలాక మిగతా మాటలు వాటంతటవే వాటి చోట్లలో కూర్చుంటాయి. నోట్స్ రాయడం మానేయమని చెప్పను, మీ సార్ మీద కూడా రోజూ రిపోర్టు పంపాలన్న ఒత్తిడి ఉంటుంది. కాకపోతే ముందు నీ అంతట నువ్వు ప్రతిపదార్థం రాసుకుని, తర్వాత సార్ ఫొటోతో సరిపోల్చుకో.

ప్రశ్న: ఏ ప్రశ్న ఇచ్చినా ముప్పై మందీ ఒకే జవాబు పంపుతున్నారు, అక్షరం పొల్లు పోకుండా. గైడే దిక్కు. జీతం సగం చేసి క్లాసులు రెట్టింపు చేసిన యాజమాన్యానికి ఇవన్నీ దిద్ది చూపించాలి. ఎలా?
– ఒక ప్రైవేట్ స్కూల్ తెలుగు టీచర్, హైదరాబాద్

జవాబు: జీతం సంగతి నా చేతిలో లేదమ్మా, ఉంటే ముందు అదే రాసేదాన్ని. దిద్దుడు భారం మాత్రం కొంత తగ్గించుకోవచ్చు. గైడులో ఉన్న ప్రశ్న ఇచ్చినంత కాలం గైడులోని జవాబే వస్తుంది. 'నగరగీతం' పాఠం ఉంది కదా. అలిశెట్టి ప్రభాకర్ జగిత్యాల నుంచి హైదరాబాద్ వచ్చి నగరాన్ని చూసిన కవి. 2020 లాక్‌డౌన్‌లో ఎంతోమంది పట్నం వదిలి ఊళ్లకు పోయారు. మీ పిల్లల చుట్టాల్లో కూడా ఉంటారు. వాళ్లలో ఒకరికి ఫోన్ చేసి, పాఠంలోంచి ఒక భాగం చదివి వినిపించి, 'ఇది నిజమేనా?' అని అడగమనండి. వాళ్లన్నది వాళ్ల మాటల్లోనే ఐదు వాక్యాలు రాయాలి. ఇద్దరి జవాబు ఒకేలా వచ్చిందంటే ఇద్దరూ అన్నదమ్ములే అయి ఉండాలి. ఐదు వాక్యాలే కాబట్టి దిద్దడమూ తేలికే. యాజమాన్యానికి చూపించడానికి కూడా ఇవే బాగుంటాయి.

ప్రశ్న: ఛందస్సు ఫోన్లో చెప్పడం సాధ్యమేనా?
– కరీంనగర్ నుంచి

జవాబు: బోర్డు లేకపోవడం కొంత మేలే చేసింది. యూ, ఐ గీతలు పక్కన పెట్టి గిన్నె, చెంచా తీసుకోమనండి. గురువుకు, అంటే రెండు మాత్రల అక్షరానికి, గిన్నెను మోగనివ్వాలి; లఘువుకు, అంటే ఒక మాత్ర అక్షరానికి, వేలు ఆనించి చప్పుడు ఆపేయాలి. పద్యం మాటలు లేకుండా మొదటి పాదం దెబ్బలు మాత్రమే రికార్డు చేసి గ్రూపులో పెట్టాలి. మిగతావాళ్లు ఏ వృత్తమో చెప్పాలి.

ఆటలో చిట్కా ఒకటుంది. శార్దూలంలో మొదటి గురువు తీసి రెండు లఘువులు పెడితే అది మత్తేభం. పంతొమ్మిది అక్షరాలు ఇరవై అవుతాయి, మిగతాదంతా ఒకటే. 'కారే రాజులు', 'అల వైకుంఠపురంబులో' రెండూ పక్కపక్కన కొట్టి వినండి. ఉత్పలమాలకు, చంపకమాలకు మధ్య ఉన్న తేడా కూడా సరిగ్గా అదే. 'ఎవ్వనిచే జనించు' ఒకటి, 'అటజని కాంచె' ఒకటి, ఇరవై అక్షరాలు ఇరవైయొకటి అవుతాయి. నాలుగు వృత్తాలకు నాలుగు పట్టికలు బట్టీ పట్టే పిల్లలు రెండు నేర్చుకుంటే సరిపోతుంది.

స్టీలు గిన్నే వాడమనండి, ప్లాస్టిక్ డబ్బాకు గురువు మోగదు. రాత్రి తొమ్మిది దాటాక కొట్టొద్దని కూడా ముందే చెప్పండి. మా గ్రూపులో ఆ నియమం తల్లిదండ్రులే పెట్టించారు.