బౌల్స్ ఆటకు పిలిచిన్రు, పోవాల్నా అన్నా?

సందేహం: మాది మిర్యాలగూడ. ఆస్ట్రేలియా వచ్చి ఐదు నెలలైంది. పక్కింటి పెద్దాయన శనివారం లాన్ బౌల్స్ క్లబ్బుకు రమ్మంటున్నడు. నాకు ఆట రాదు.

జవాబు: పో తమ్ముడూ. ఇంటికి వీడియో కాల్ చేసి పెట్టేసినంక శనివారం పగలు ఎంత పొడుగుంటదో నాకు ఎరుకే. గడ్డి మీద బౌల్ అనే బరువైన గుండును దొర్లించి, జాక్ అనే చిన్న గుండుకు దగ్గరగ ఆపుడే ఈ ఆట, మెల్లగ వస్తది. నిన్ను మళ్ల పిలిచేది నీ నడత చూసి. కింద చెప్పే తప్పులన్నీ కొత్తల నేను చేసినయే. దిద్దుకొని నిలబడ్డ గనుకనే చెప్తున్న.

మడిమ లేని, అడుగు చదునుగ ఉన్న బూట్లు వేసుకో. బౌల్ కిలోన్నర దాక తూగుతది. క్రికెట్ అలవాటుల నడుమెత్తు నుంచి ఇడిస్తే గడ్డిల గుంట పడ్తది, తర్వాత దాని మీదికెళ్లి పోయే బౌల్ దారి తప్పుతది. గ్రీన్, అంటే ఆడే గడ్డి నేల, చూసుకునేటాయన అది మరువడు. మోకాలు వంచి, చెయ్యి నేలదాక దించి దొర్లించాలె. బౌల్ ఒక దిక్కు వంగుతది. చిన్న గుర్తున్న వైపు లోపలికి ఉండాలె. తిరగబడితే పక్కోళ్ల ఆటలకు పోతది. అట్లయితే వెంటనే సారీ చెప్పు.

ఎదుటాయన మ్యాట్ (నిలబడి బౌల్ వేసే చాప) మీద ఉంటే మీటరు వెనుక కదలకుండ నిలబడు. అవతలి కొసకు ఉంటే జాక్ వెనుకకు పో. సాయంత్రం నీడలు సాగుతయి, నీ నీడ జాక్ మీద పడనీయకు.

మనోళ్లు బాగ తప్పు చేసేది కేకల కాడ. గోటీలాటల లెక్క ఎదుటోని గురి తప్పితే చప్పట్లు కొట్టొద్దు. మంచిగ వేస్తే 'గుడ్ బౌల్' అను. నీ బౌల్ ఇంకోదానికి తాకి, అదృష్టంకొద్దీ జాక్ పక్కన ఆగితే చెయ్యెత్తి ఒప్పుకో. ఎండ్ (అందరూ తమ బౌల్స్ వేసే ఒక దఫా) అయినంక లెక్క తేలేదాక ఏ బౌల్‌నూ ముట్టొద్దు. కొలిచేది రెండు జట్ల థర్డ్‌లు, అంటే మూడో ఆటగాళ్లు. తొందరపడి ఒక్కటి ఎత్తినా లెక్క చెడుతది.

బౌల్స్ కొనకు, క్లబ్బే ఇస్తది. రెండు చేతుల బొటనవేళ్లు, నడిమి వేళ్లు బౌల్ చుట్టూ కలిస్తే అది నీ సైజు. జాక్ కనీసం 23 మీటర్లు పోవాలె. తక్కిన నియమాలు పుస్తకంల చూసుకో.

అసలు సంగతి ఆట అయినంక ఉంటది. ఓడినా గెలిచినా అందరికీ చెయ్యి కలుపు. గెలిచినోడు ఓడినోనికి తాగేదానికి ఇప్పిచ్చుడు అక్కడి ఆనవాయితీ. మందు ముట్టకుంటే సోడా అడుగు, ఎవ్వరూ ఏమనరు. కానీ కూసో. ఆట కాంగనే కారెక్కి పోయేటోడే ఏండ్లకేండ్లు ఒంటరిగ ఉంటడు. మాట దొరకకపోతే 2022 బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ ఆటల ముచ్చట తీయి. లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోని సైకియా, రూపారాణి తిర్కీ దక్షిణాఫ్రికాను 17-10తోని ఓడగొట్టి బంగారం తెచ్చిన్రు. బౌల్స్ ఆడేటోళ్లకు అది బాగ యాదికుంటది.

లేచేటప్పుడు మ్యాట్లు సర్దుడుల చెయ్యి వెయ్యి. వచ్చే వారానికి పేర్లు రాసే కాగితం ఎక్కడుందో పెద్దాయనను అడిగి, నీ పేరు రాసినంకనే ఇంటికి రా.