సంతకం పెట్టే ముందు

స్రవంతీ బిడ్డా,

సర్కారు నీళ్ల సంస్థల కొలువు వచ్చిందని, అదీ సలహా నివేదికలు బయటికి పోకముందు సరిచూసే సెక్షన్ల అని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మస్తు సంబురమైంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలే. ల్యాబుల తప్పు దొర్లితే మళ్ల పరీక్ష చేసుకుంటం. నీ టేబులు దాటిన తప్పు కలెక్టరాఫీసుకు, అటెన్క ఊరి నల్లా కాడికి పోతది.

తెలిసినయే, గబగబ చెప్త. ఫ్లోరైడ్ చూసే నీళ్ల నమూనా ప్లాస్టిక్ సీసల పట్టిండ్రా చూడు. బ్లాంకు (ఫ్లోరైడ్ లేని నీళ్లతోని చేసిన పరీక్ష), డూప్లికేటు (అదే నమూనా రెండోసారి చూసింది), తెలిసినంత ఫ్లోరైడ్ కలిపి తిరిగి ఎంత వచ్చిందో చూసిన లెక్క, ఈ మూడు లేకుంటే ఫైలు వాపసు పంపు. రాసినోళ్లే సరిచూసుకోవద్దు. ల్యాబులకిచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్నది గదా అని నిమ్మళంగ కూసోకు. అది ల్యాబుల చేసే పరీక్షకు, దాన్ని చూసి ఇంకో ఆఫీసుల రాసే సలహాకు కాదు.

ఇగ అసలు సంగతి. మర్రిగూడ దిక్కు ఒక ఊరి బోరు నీళ్లు మా ల్యాబుకొచ్చినయ్. ఫ్లోరైడ్ లీటరుకు 1.4 మిల్లీగ్రాములు. లెక్క తప్పు కాదు, నేను పక్కనే ఉన్న. కెమిస్టు కింద రాసిండు: ఒక్కటే నమూనా, వానలు పడ్డంక తీసింది, ఎండకాలం మళ్ల చూడాలె, వేరే నీళ్లు దొరికితే ఇవి తాగొద్దు. తాగునీళ్లకు కొలమానం పెట్టే బీఐఎస్ చెప్పేది గూడ అదే గద. 1.0 దాకా మంచిది, వేరే దారి లేకుంటేనే 1.5 దాకా.

పై ఆఫీసుల నోటు తయారైనప్పుడు ‘ఒక్కటే నమూనా’ పోయింది. దాని మీది కవరింగ్ లెటర్ల ‘ఎండకాలం’, ‘వేరే నీళ్లు’ రెండూ పోయినయ్. ఊరికి చేరింది ఒక్క ముక్క: ఈ నీళ్లు తాగవచ్చు. బోరు పక్క గోడ మీద నీలం రంగుతోని పెద్దపెద్ద అచ్చరాలల్ల రాసిండ్రు. ఎవ్వరూ అబద్ధం చెప్పలే బిడ్డా, అందరూ కురచ చేసిండ్రు, గంతే. ఎండకాలం అదే బోరు 3 దాటింది. నేను పోయి వద్దని చెప్తే బిందె నింపుతున్న ఒకామె గోడ దిక్కు చెయ్యి చూపెట్టి, “సర్కారోళ్లే రాసిండ్రు గద మేడం” అన్నది. ఆ రాత చెరిపించే పని ఎవలదో ఏ ఫైలులనూ లేదు. యేండ్లు అట్లనే ఉన్నది.

అందుకే కెమిస్టు కాయితం, ఆఖరికి పోయే ఉత్తరం పక్కపక్కన పెట్టుకొని చదువు. ఒక్క షరతు మాయమైనా సంతకం పెట్టకు. ప్రతి సలహా ఏ తారీఖు దాకా చెల్లుతదో, వాపసు తీసుకునేది ఎవలో రాయించు. నిపుణులల్ల ఒక్కరు కాదన్నా ఆ మాట ఫైలుల ఉండాలె. ఫిల్టర్లు అమ్మే కంపెనీకి పనిచేసేటాయన ఫిల్టర్ల మీద సలహా ఇస్తుంటే ఆ సంగతి ముందే అడుగు, మొహమాటపడకు.

ఇంకోటి. 1970లల్ల నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తోని ఫ్లోరైడ్ తీసే పద్ధతి తెచ్చింది, దానికి మన నల్లగొండ పేరే పెట్టిండ్రు. కొత్తగ చేరినప్పుడు బకీట్ల పటిక కలిపి, తెల్లటి తెట్టె అడుగుకు దిగేదాక మురిసిపోయి చూసేదాన్ని. అట్లాంటి నీళ్లను, ఫ్లోరైడ్ కొలిచేటందుకు ల్యాబుల వాడే స్పాడ్న్స్ రంగుతోని నేరుగ కొలిస్తే, మిగిలిన అల్యూమినియం అడ్డంపడి ఫ్లోరైడ్ ఉన్నదానికన్న తక్కువ చూపిస్తది. శుద్ధి చేసిన నీళ్ల నివేదిక కనబడంగనే, ఏ పద్ధతిల కొలిచిండ్రో అడుగు.

భగీరథ నల్లాలు వచ్చినయ్, ఇంకెక్కడి ఫ్లోరైడ్ అంటరు నీ తోటోళ్లు. నల్లా రాని దినం జనం ఏ బోరు కాడికి పోతరో వాళ్లకేం తెలుసు? అట్లాంటి నీళ్లే తాగి మా నాయినమ్మ నడుము వంగి, మొఖమెత్తి మమ్ముల చూడలేకపోయేది. నువ్వు పుట్టకముందే పోయింది. నా భయం అక్కడిది, తిడుతున్ననని అనుకోకు.

పెద్దసారు “ఇయ్యాలే కావాలె” అని తొందరపెడితే, ఏమేం చూడలేదో ఫైలు మీద రాసి అప్పుడు ఇయ్యి. కోపానికొస్తే రానీ. దసరాకు వచ్చేటప్పుడు ఫైళ్లు సంచిల ఏసుకొని రాకు, కండ్లద్దాలు మార్పించుకొని రా.

మీ పెద్దమ్మ