కింది అంతస్తు నుంచి మొదలుపెట్టు

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. పిట్స్‌బర్గ్ కొండవాలులో పాత ఇల్లు కొన్నావు. దాని వెనక రెండంతస్తుల గ్యారేజీ ఉంది. పై వీధి నుంచి ఒక తలుపు, కింది సందులోంచి ఇంకో తలుపు. పైన కారు, కింద వర్క్‌షాప్ పెట్టుకోవాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. వాక్యం కూడా నీ చేతికి చక్కగా లొంగింది. కానీ మొదటి పేరాలోనే నేలకి వేయబోయే ఎపాక్సీ రంగు, గోడకి బిగించే అరలు వచ్చేశాయి. అవి చివర్లో రావాలి. పైన నిలబడ్డ కారు బరువును ఏది మోస్తోంది? ముందు అది రాయి.

గ్యారేజీ 1920ల నాటిదన్నావు. అప్పట్లో జనం నడిపిన ఫోర్డ్ మోడల్ టీ బరువు ఇంచుమించు 1,200 నుంచి 1,600 పౌండ్లు. నీ ఎలక్ట్రిక్ కారు 4,000 పైమాటే. ఇప్పటి అమెరికా ఇళ్ల నిర్మాణ నియమాల (కోడ్) ప్రకారం పడకగది నేల చదరపు అడుగుకు 30 పౌండ్లు మోయగలిగితే చాలు, కారు నిలిపే నేల 50 మోయాలి. అదికాక 20 చదరపు అంగుళాల చోట 2,000 పౌండ్లు పడినా తట్టుకోవాలి. ఈ అంకెలు రెండు మూడు వాక్యాల్లో చెప్పావంటే చాలు, చదివేవాళ్లకి నీతోపాటు టెన్షన్ మొదలవుతుంది.

ఇక మంచి టార్చిలైటు తీసుకుని కిందికి దిగు. కారు పైన లేనప్పుడే దిగు, తలకి హెల్మెట్ పెట్టుకో. స్లాబు అడుగుభాగం చూడు. చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు కదా, హైదరాబాద్‌లో సెల్లార్ పార్కింగ్ మాత్రమే చూసిన పాఠకులకి ఈ సంగతి తెలియకపోవచ్చు, ఒక్క మాటలో చెప్పు. ఆ ఉప్పుమంచును కారు టైర్ల చుట్టూ అంటించుకొచ్చి గ్యారేజీలో కరిగిస్తుంది. ఆ నీళ్లు సన్నటి బీటల్లోంచి దిగి లోపలి ఇనుప చువ్వల్ని పట్టుకుంటాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. చువ్వ ఎటు పోతే అటు గోధుమరంగు చార దిగుతుంది, ఆ తర్వాత పెచ్చులు ఊడతాయి. చిన్న సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పో. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయినచోట డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిన ప్రతి చోటా సుద్దముక్కతో గీత గీయి. గీతలన్నీ పైన టైర్లు నిలబడే చోటి కిందే వచ్చాయా, గోడ పక్కన వచ్చాయా? నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది. దాని మీద ఒక పేజీ ఖర్చయినా ఫరవాలేదు.

తర్వాత వెనకగోడ. కొండ మట్టిని ఆపుతున్న గోడ అదే. దాని మీద తెల్లటి ఉప్పుపూత ఉంటే అవతల నీళ్లు నిలుస్తున్నాయని అర్థం. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతాయి, ఏటా చలికాలం గోడను అలా లోపలికి నెడుతూనే ఉంటుంది. పైకప్పు నీళ్ల గొట్టం ఎక్కడ వదులుతోందో చూశావా? చాలా ఇళ్లలో అది సరిగ్గా గోడ వెనకే వదులుతుంది. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల కొండల్లో ఎర్ర బంకరాయి పొర ఉంది. తడిస్తే జారుతుంది, అక్కడ కొండచరియలు విరిగిపడేది ఎక్కువగా దానివల్లే. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ ఆ నష్టానికి పరిహారం ఇవ్వదు. ఇల్లు కొనే తెలుగువాళ్లు నీ వ్యాసం చదివి ఈ ఒక్క సంగతి తెలుసుకున్నా నాకు సంతోషమే.

పని ఏ వరసలో జరుగుతుందో వ్యాసాన్నీ ఆ వరసలోనే నడిపించు. ముందు నీళ్లు పక్కకి మళ్లించాలి. కాలువ తవ్వేముందు, నేలలోపలి గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టించే 811 నంబరుకి ఫోన్ చేయాలి, మీ పెన్సిల్వేనియా రాష్ట్రంలో అది చట్టం. తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీరు, పర్మిట్, స్లాబు మరమ్మతు. తలుపులు, కరెంటు ఆ తర్వాత. తలుపు పైన బిగించి ఉన్న స్ప్రింగు జోలికి మాత్రం నువ్వు వెళ్లకు, మెకానిక్‌ని పిలువు. 1978కి ముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా గీకొద్దు. ఎపాక్సీ వీటన్నిటి తర్వాతే. దానికీ ముందు 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ ముక్కను నేలకి నాలుగు అంచులా టేపుతో అతికించి, కనీసం 16 గంటలు వదిలేసి తీసి చూడు. అడుగున చెమ్మ పట్టి ఉంటే ఆ రంగు ఎంత ఖరీదుదైనా పొట్టులా లేచిపోతుంది.

ఇంకో మాట. ‘పాతకాలపు అందం’ అని చాలాచోట్ల రాశావు. అవన్నీ కొట్టేయి. చెక్క సెంటరింగ్ పలకల అచ్చులు స్లాబు అడుగున ఇంకా కనబడతాయన్నావే, ఆ వాక్యం ఉంచు, అందం అందులోనే ఉంది. కాంట్రాక్టర్లు ఇచ్చిన కొటేషన్ల గురించి కూడా దాచకుండా రాయి. ఎవరు ఎంత అడిగారన్నదానికంటే, తక్కువ అడిగినవాళ్లు ఏ పని వదిలేశారో చెప్పడం ముఖ్యం. పేర్లు అక్కర్లేదు. పనికొచ్చిన మేస్త్రి నీకు ఏదైనా చూపించి వివరిస్తే, అతని మాట అతని నోటితోనే చెప్పించు, నువ్వు మధ్యలోకి రాకు.

ఇంజనీరు రిపోర్టు రాగానే దాని కాపీ, సుద్దగీతల ఫొటోలు, రెండో డ్రాఫ్టు కలిపి పంపు. అవన్నీ పక్కన పెట్టుకుని చదువుతాను. అప్పటిదాకా కారు వీధిలోనే పెట్టుకో, పైన పెట్టొద్దు.

నీ
బాబాయి