పిల్లలకు ఇంట్లో పద్యం నేర్పాలంటే: ఏ వయసుకు ఏది

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నావు కదా, కవిత్వానికి ఏ పాఠ్యక్రమం పెట్టుకోవాలని అడిగావు. పుస్తకం అట్ట మీద ఉండే తరగతి అంకెను ముందు మర్చిపో. ఒక పాదాన్ని ఒక్క ఊపిరిలో తడబడకుండా చెప్పగలుగుతున్నాడా లేదా, అది చూడు. పుస్తకం మధ్యలోంచి ఏవైనా 3 పద్యాలు తీసి చదివి వినిపించు. నాలుగు పాదాల్లో తెలియని మాటలు మూడు నాలుగుకు మించితే ఇంకో ఏడాది ఆగొచ్చు. ప్రతి పద్యం కిందా ఖాళీలు పూరించమనీ ప్రతిపదార్థం రాయమనీ ఉంటే పద్యాలు తీసుకుని అభ్యాసాలు వదిలెయ్యి.

ఐదేళ్ల లోపు పిల్లలకు పుస్తకమే అక్కర్లేదు. చప్పట్లు కొడుతూ పాడే చిట్టి గేయాలు, పొడుపుకథలు చాలు. అర్థం అడగకు.

ఆరు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటవెలది అనే ఛందస్సుతో మొదలుపెట్టు, వేమన పద్యాలు చాలావరకు అందులోవే. వేమన పద్యాలు ముందుగా పెట్టడానికి కారణం నీతి ఒక్కటే కాదు. మాటలు వాడుకకు దగ్గర, పైగా నాలుగో పాదం చాలావరకు మకుటమే (ప్రతి పద్యం చివరా తిరిగి వచ్చే పాదం) కాబట్టి కొత్తగా పట్టాల్సినవి మూడే పాదాలు. పాదాన్ని విడగొట్టే అక్షరాల గుంపును గణం అంటారు. రెండో పాదంలో ఐదూ సూర్యగణాలనే రకమే, ఒక్కోటి 3 మాత్రలు (మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత కాలం). అందుకే ఐదు చరుపులు సమంగా పడతాయి. తాళం వేయించడానికి ఆ పాదం బాగుంటుంది.

తొమ్మిదో ఏడు దాటాక కందం అనే ఛందస్సు. అన్నీ 4 మాత్రల గణాలే, పాదాల వారీగా 3, 5, 3, 5. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు రావాలి (ఇదే ప్రాస) కాబట్టి మర్చిపోయిన పాదాన్ని ఆ అక్షరమే గుర్తుచేస్తుంది. సుమతీ శతకం అంతా కందాలే. దీని పక్కనే గురజాడ వాడుక భాషలో రాసిన ముత్యాలసరం ఛందస్సు గేయాలు కూడా పెట్టు, పద్యమంటే పాత భాషే అనుకోకుండా ఉంటారు.

శతకాలు మాత్రం పుస్తకంగా పిల్లల చేతికివ్వకు. వేమన, సుమతీ రెంటిలోనూ ఆడవాళ్లనూ కొన్ని కులాలనూ చిన్నబుచ్చే పద్యాలున్నాయి, పిల్లలతో మాట్లాడలేని విషయాలూ ఉన్నాయి. నువ్వు మొత్తం చదివి, ఏడాదికి 30 పద్యాలు ఏరి, నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టు. పాత అచ్చులో అరసున్నలు (ఁ) ఉంటే తీసెయ్యి, చిన్నవాళ్లు అక్కడే ఆగిపోతారు.

పన్నెండు దాటాక వృత్తాలు, అంటే పాదానికి ఇన్ని అక్షరాలని లెక్క ఉండే పద్యాలు. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. ఊపిరి అప్పటికి సరిపోతుంది. గురులఘువులు, అంటే రెండు మాత్రల అక్షరాలూ ఒక మాత్రవీ, గుర్తించడం కూడా ఇప్పుడే. ముందే నేర్పితే లెక్క మీద ధ్యాస పడి చెవి మూసుకుపోతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు యతిస్థానం దగ్గర ఆగడం. తెలుగులో యతి అంటే పాదం మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ ఉండే మైత్రి, విరామం కాదు. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర ఆగితే మాట మధ్యలో విరిగిపోవచ్చు. పాదం చివరా అంతే, మాట కింది పాదంలోకి సాగుతుంది. అందుకని ఒకసారి లయకు, ఒకసారి సంధులు విడదీసి అర్థానికి చదివించు. రెండూ కలిపి ఒకేసారి చెప్పించాలని చూస్తే రెండూ చెడతాయి. వచన కవిత కూడా ఈ వయసులోనే బాగుంటుంది. ప్రాస లేకపోయినా పంక్తి ఎక్కడ ఎందుకు విరిగిందో అడిగితే ఆలోచించి చెబుతారు.

వారానికి ఒక్క పద్యం, రోజుకు 10 నిమిషాలు, అంతకు మించొద్దు. మొదటి రోజు నువ్వే రెండుసార్లు చదువు, వాళ్లు వింటే చాలు. రెండో రోజు పాదం పాదం అనిపించు. మూడో రోజు తెలియని మాటలు చెప్పు. తాత్పర్యం మాత్రం వాళ్ల నోటి నుంచే రానీ. పుస్తకంలోని తాత్పర్యాన్ని బట్టీ పట్టించావంటే పద్యం పోయి అదొక్కటే మిగులుతుంది. నాలుగో రోజు బొమ్మ వేయడమో అభినయించడమో. ఐదో రోజు పాతవి రెండు తిరగేయడం. కిందటి వారానిదొకటి, కిందటి నెలదొకటి. ఈ రోజును ఎప్పుడూ ఎగ్గొట్టకు, పిల్లలు మర్చిపోతున్నారని బాధపడే ఇళ్లలో సాధారణంగా జరగనిది ఇదే.

ఇద్దరికీ వేర్వేరు పద్యాలు పెట్టి అలిసిపోకు. పద్యం ఒకటే పెట్టి పని మార్చు. చిన్నది తాళం వేసి అప్పజెబుతుంది, పెద్దవాడు సంధులు విడదీసి గణాలు గుర్తిస్తాడు. సొంతంగా రాయించాలంటే ఛందస్సు అడగొద్దు, వచ్చిన పద్యంలో ఒక పాదం కొట్టేసి అక్కడ తమ పాదం పెట్టమను. చరుపులు సరిపోతే చాలు, యతి తప్పినా దిద్దకు.

ఏరిన 30 పద్యాల జాబితా పంపు, ఏది ముందో ఏది వెనకో చూసి చెబుతాను.

నీ పెద్దమ్మ