చెన్నైలో ఉంటూ స్పియర్‌ఫిషింగ్ చేసి వంజరం కొట్టి తినొచ్చా? ఏ గన్ను కొనాలి?

మీరడిగినవి రెండు. ఈత బాగా వచ్చు కాబట్టి వంజరం, పార లాంటి పెద్ద చేపల్ని మీరే నీళ్లలోకి దిగి కొట్టి తినొచ్చా, అందుకు ఏ గన్ను (నీళ్లలో ఈటెని విసిరే స్పియర్‌గన్) కొనాలి అని. తినొచ్చు. గన్ను మాత్రం ఇప్పుడే కొనకండి. ముందు గన్ను కొనేసి, దానితో ఏం చెయ్యకూడదో తర్వాత తెలుసుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

మాది నెల్లూరు వైపు, ఉద్యోగం ఓఎంఆర్‌లో. చెన్నై దగ్గరి కోవళంలో ఫైబర్ బోటున్న ఒకన్నతో నాలుగేళ్లుగా వెళ్తున్నాను. మొదటి మార్చిలో సంగతి. లోతు పన్నెండు మీటర్లు, చూపు ఆరేడు మీటర్లు ఆనుతోంది. ఇక్కడి నీళ్లకి అది పండగే. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో అయితే చాచిన చెయ్యే కనపడదు. నాకు నీళ్లు తేటగా దొరికేది ఫిబ్రవరి చివర్నుంచి ఏప్రిల్ దాకానే.

వంజరానికి (విశాఖ వాళ్లకి కోనెం) మెరిసేవంటే మహా కుతూహలం. తాడుకి తళతళలాడే రేకు ముక్కలు వేలాడదీసి, ఎనిమిది మీటర్ల దగ్గర కదలకుండా ఉంటే, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీకుండా పక్కన ప్రత్యక్షమవుతుంది. వచ్చింది. ఒంటిమీద బూడిదరంగు అడ్డచారలు, ఒకటే కన్ను నన్నే చూస్తూ. కొట్టాను. ఈటె వెన్నుకి కాకుండా పొట్ట పైభాగంలో దిగింది.

అప్పుడు నేను చేసిన తప్పు, గన్నుని వదలకపోవడం. ఈటెకి కట్టిన తాడు గన్నుకే ఉంది, గన్ను నా చేతిలో ఉంది. పైకి వచ్చి ఒక్క ఊపిరి తీసుకున్నానో లేదో, తల మళ్లీ నీళ్లలోకి. ఉప్పునీళ్లు మింగాను. బోటు మీంచి అన్న అరుస్తున్నాడు, "విట్టుడు తంబీ, విట్టుడు!" (వదిలెయ్ తమ్ముడూ, వదిలెయ్!) ముప్ఫై వేలు పోసి కొన్న గన్ను, ఎలా విడుస్తాను? మూడోసారి తల మునిగాక వదిలాను. గన్ను, ఈటె, చేప అన్నీ పోయాయి. డబ్బు బాధ వారంలో తగ్గింది. గుచ్చుకున్న ఈటెతో ఆ చేప ఎక్కడో ఎవరికీ తిండి కాకుండా చచ్చి ఉంటుందన్నది మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు నా తాడు గన్నుకి కట్టి ఉండదు. కొట్టగానే ఈటె గన్ను నుంచి పూర్తిగా విడిపోతుంది. ఈటె నుంచి పాతిక మీటర్ల తాడు, దాని చివర గాలి నింపిన ఎర్రటి ఫ్లోటు. చేప లాగితే ఫ్లోటుని లాగుతుంది, నన్ను కాదు. వంజరం మాంసం మెత్తన, గట్టిగా గుంజితే ఈటె చీల్చుకుని బయటికొచ్చేస్తుంది. అందుకే ఫ్లోటు ఒకసారి బుడుంగుమని మునిగి తేలేదాకా ఊరికే చూస్తుంటాను. దాని పరుగు తగ్గాక చెయ్యి మీద చెయ్యి వేసి తాడు లాగాలి, చేతికి చుట్టుకోకూడదు. దగ్గరికొచ్చాక నోటి జోలికి వెళ్లకండి, ఆ పళ్లు బ్లేళ్లే. వెనక నుంచి మొప్పలు పట్టుకుని, కళ్ల మధ్య కాస్త వెనగ్గా కత్తి దించితే క్షణంలో చల్లబడుతుంది. నిరుడు ఏడు కిలోలది అలాగే తెచ్చుకున్నాను.

ఈత బాగా వచ్చన్నారు. మిగతా అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఆ మాటే. ఊపిరాడట్లేదు అనిపించేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు. దిగేముందు గబగబా గట్టిగా ఊపిర్లు తీసి వదిలితే ఆ వాయువు తగ్గిపోతుంది, ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు. ప్రమాదఘంట మోగదు, మనిషి హాయిగా ఉండిపోతాడు. పది మీటర్ల లోతున ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. పైకి వస్తున్నకొద్దీ ఒత్తిడితోపాటు రక్తానికి అందే ఆక్సిజన్ కూడా పడిపోతుంది, ఆఖరి రెండు మూడు మీటర్లలో స్పృహ తప్పుతుంది. నా జోడీ కుర్రాడు పైకొచ్చి, ముసుగు తీసి, నవ్వి, నవ్వుతూనే వెనక్కి వాలిపోయాడు. చెయ్యందేంత దూరంలో ఉన్నాను కాబట్టి బతికాడు. అప్పట్నుంచి ఒకరు దిగితే ఒకరు పైన. పైకొచ్చినవాణ్ణి అర నిమిషం కళ్లతో వదలం. నీళ్లలో ఎంతసేపు ఉన్నామో దానికి రెట్టింపు పైన సేద తీరతాం. కాబట్టి మీ మొదటి ఖర్చు ఫ్రీడైవింగ్ (సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి దిగడం) కోర్సు. గన్ను ఆ తర్వాత, ఫ్లోటుతో కలిపి. స్కూబా సిలిండరు వేసుకుని చేపల్ని కొట్టేవాళ్లతో నేను బోటెక్కను.

చట్టం సంగతి ముందే చూసుకోండి. మన్నార్ సింధుశాఖ జాతీయ పార్కు లాంటి చోట్ల వేటన్న మాటే ఎత్తకూడదు. బొంత చేపల్లో (గ్రూపర్లలో) అన్నిటికన్నా పెద్ద జాతి, జెయింట్ గ్రూపర్, 2001 నుంచి వన్యప్రాణి చట్టం కింద రక్షితం. ఎంత మంచి గురి కుదిరినా దాన్ని వదిలెయ్యాల్సిందే. కోవళం దగ్గర ఎక్కడ దిగొచ్చో మత్స్యశాఖ ఆఫీసులోనూ, ఊరి బెస్తవాళ్లనీ అడగండి. వాళ్ల వలలకి అడ్డం పడితే మళ్లీ బోటు దొరకదు.

ఇక తినడం. అయిదు నుంచి ఎనిమిది కిలోల వంజరానికి మించింది లేదు. మరీ పెద్దవాటిలో పాదరసం ఎక్కువ. పగడపు దిబ్బల దగ్గర తిరిగే ముసలి పార, బొంతల్లో ఉడికించినా పోని విషం చేరే ప్రమాదముంది. వంజరం, సూర (ట్యూనా) ఎండలో పడి ఉంటే హిస్టమిన్ పుడుతుంది, అదీ వేడికి చావదు. మొహం ఎర్రబడి గుండె దడదడలాడుతుంది. అందుకే చేప బోటెక్కగానే మొప్పలు కోసి రక్తం కార్చి, పొట్ట తీసి, సముద్రపు నీళ్లు కలిపిన ఐసులో పెడతాం. చేప ఎంత బరువో ఐసూ అంత. ఈ ఒక్కటి చేస్తే ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో కిలో వెయ్యి దాటించి అమ్మే ముక్కకీ దీనికీ తేడా మీకే తెలుస్తుంది.

మార్చి కాబట్టి మామిడికాయలుంటాయి. పులుసు రాత్రి పెట్టి పొద్దున తింటాం. అమ్మ ఫోన్లో మొదట అడిగేది తల ఏం చేశావనే. తల బోటన్నకి ఇస్తాను, ఆ "విట్టుడు"కి బాకీ ఇంకా తీరలేదు.