అంబాసిడర్‌కి ఏ బ్లాక్ వేయించాలి? ముందు ఆర్‌సీ చూడండి

ప్రశ్న: మా నాన్నగారి 1984 మోడల్ అంబాసిడర్ పెట్రోల్ కారు ఇంజిన్ బ్లాక్ పగిలింది. నాన్నగారు పోయి నాలుగేళ్లయింది, ఆ కారును వదులుకోలేను. ఇసుజు 1800 పెట్రోల్ ఇంజిన్ గానీ, డీజిల్ ఇంజిన్ గానీ ఎక్కించుకోమని మెకానిక్ అంటున్నాడు. పాత నంబరే కొత్త బ్లాక్ మీద కొట్టిస్తే గొడవ ఉండదట. నిజమేనా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు నంబరు సంగతి. దయచేసి ఆ పని మాత్రం చేయించకండి. ఇంజిన్ నంబరు ఉండేది బ్లాక్ మీదే. అందుకే బ్లాక్ మారితే రికార్డుల్లో ఇంజిన్ మారినట్టే. రేపు ఆ బ్లాక్ దొంగిలించిన కారుదని తేలితే, భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షన్ కింద దొంగసొత్తు కేసు రావచ్చు. తెలియక కొన్నానని చెప్పుకునే అవకాశం మామూలుగా మీకుంటుంది. కానీ నంబరు చెరిపించిన మనిషి ఆ మాట చెబితే ఎవరు నమ్ముతారు?

ఇక ఏ బ్లాక్ అన్నది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ ఆర్టీఓ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. మీ కారు 1489 సీసీ. ఇసుజు ఇంజిన్ 1817 సీసీ. తర్వాతి అంబాసిడర్లలో కంపెనీయే ఆ ఇంజిన్ పెట్టింది కదా అని మెకానిక్ వాదించవచ్చు, కానీ మీ బండికి పెట్టింది అది కాదు. డీజిల్ అయితే ఇంధనం కాలమ్ కూడా మారిపోతుంది, అది మరీ చిక్కు. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మీ క్లెయిమ్‌కి అడ్డం చెప్పడానికీ ఇదే సాకవుతుంది.

కాబట్టి అదే 1489 సీసీ పెట్రోల్ బ్లాక్ వెతకండి. అంతకంటే ముందు పాత బ్లాక్‌కే స్లీవ్ (సిలిండర్ లోపల బిగించే లోహపు గొట్టం) వేయించడం, పగులు కుట్టించడం కుదురుతుందేమో మంచి లేత్ వర్క్‌షాప్‌లో అడగండి. కుదిరితే నంబరు మారదు, నాన్నగారి ఇంజిన్ కారులోనే ఉంటుంది. నా ఓటు దీనికే. పైగా 50 ఏళ్లు నిండిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ కోరాలంటే ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మీ కారుకి 2034లో ఆ అవకాశం వస్తుంది.

వేరే బ్లాక్ తప్పనిసరైతే, నంబరుతో సహా బిల్లు, అది తీసిన కారు ఆర్‌సీ కాపీ, అమ్మినవారి గుర్తింపు కార్డు తీసుకోండి. డబ్బు కట్టకముందే ఆ నంబరు దొంగ బండ్ల జాబితాలో ఉందేమో పోలీసుల ద్వారా చూడండి. ఆర్టీఏ ఆఫీసులో ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకుని, బిగించిన 14 రోజుల్లోగా ఆర్‌సీలో ఎక్కించండి.

మీరు అడగని విషయం ఒకటుంది. దరఖాస్తు చేయాల్సింది ఓనర్. ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరునే ఉంటే మీ దరఖాస్తు ముందుకు కదలదు. వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31 ఇవ్వాలి. గడువు మూడు నెలలే, అది ఎప్పుడో దాటింది. ఆలస్య రుసుము కట్టి ముందు ఆ పని చేయండి. మీ అమ్మగారు, తోబుట్టువులు ఉంటే వారి అంగీకార పత్రాలు కూడా సిద్ధం చేసుకోండి. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఐదేళ్లకోసారి జరగాల్సిన రెన్యువల్ ఎంతవరకు ఉందో అప్పుడే చూసుకోండి.